నెలలు తక్కువ పిల్లలకు ప్రతి ఫీడ్ ముందూ కడుపులో మిగిలిన పాలను ట్యూబుతో లాగి చూడాలా?

నైట్‌డ్యూటీ నర్సు: 1200 గ్రాముల పాప. ఓజీ ట్యూబు (నోటి నుంచి కడుపులోకి వేసే గొట్టం) ద్వారా రెండు గంటలకోసారి 8 మి.లీ. తల్లిపాలు. ఫీడ్ ముందు లాగితే 3 మి.లీ. విరిగిన పాలొచ్చాయి. పొట్ట మెత్తగానే ఉంది. ఇవ్వాలా, ఆపాలా? అసలు ప్రతిసారీ లాగడం అవసరమా?

వార్డు సిస్టర్: అవసరమే. ఎన్ఈసీ (పేగు కుళ్లే జబ్బు) మొదలయ్యేటప్పుడు పాలు కడుపులో నిలిచిపోవచ్చు. ముందు ఫీడ్‌లో సగం దాటితే ఆగమన్నది పాత లెక్క. మీది సగంలోపే, ఇచ్చేయండి. లాగినవి పారబోయకండి, ఆమ్లం, ఎంజైములు పోతాయి. మెల్లగా తిరిగి పంపండి.

నియో పీజీ (నవజాత శిశువుల విభాగంలో పీజీ డాక్టర్): సిస్టర్ గారూ, ఆ సగం లెక్కకు గట్టి ఆధారమేదీ? ట్యూబు కొస ఎక్కడుందో, పాప ఏ పక్కకు పడుకుందో దాన్నిబట్టే వచ్చేది మారిపోతుంది. ఎడమ పక్కన ఎక్కువ, బోర్లా పడుకోబెడితే తక్కువ. గట్టిగా లాగితే కడుపు లోపలి పొర గీసుకుని నెత్తుటి చారలు. వాటిని చూసి మళ్లీ ఫీడ్ ఆపుతాం! 2019లో ఫ్లోరిడా పరిశోధనలో 143 మంది పిల్లల్లో, లాగి చూడనివాళ్లకే పాలు త్వరగా పెంచగలిగారు.

వార్డు సిస్టర్: 143 మందితో ఎన్ఈసీ సంగతి తేలదు డాక్టర్ గారూ. పైగా లాగకపోతే ట్యూబు కడుపులోనే ఉందని ఎలా తెలుస్తుంది? గాలి కొట్టి స్టెతస్కోపుతో వినడాన్ని నమ్మలేం.

నియో పీజీ: దానికి అర మి.లీ. చాలు, కడుపు ఖాళీ చేయక్కర్లేదు. పీహెచ్ (ఆమ్లత కొలత) 5.5 లోపుంటే సరి. పెదవి దగ్గర సెంటీమీటరు గుర్తు జరిగిందేమో ప్రతి ఫీడ్‌కీ చూడండి. మిగతాది పొట్ట చుట్టుకొలత తీసే టేపు చెబుతుంది: బొడ్డుకు కాస్త పైన రెండు పక్కలా పెన్నుతో గుర్తు పెట్టి, ఊపిరి వదిలాక కొలవాలి. 2 సెం.మీ. పెరిగితేనే లాగండి.

నైట్‌డ్యూటీ నర్సు: సీప్యాప్ (ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి ఇచ్చే యంత్రం) మీదున్న పిల్లలకు గాలితోనే పొట్ట పెరుగుతుంది కదా?

వార్డు సిస్టర్: అందుకే ఫీడయిన అరగంటకు ట్యూబు మూత తీసి, సిరంజి పిస్టన్ లేకుండా పైకి కట్టాలి. గాలి పోయాకా పొట్ట బిగుసుకునే ఉంటే అది గాలి కాదు. టేపు మాటకు ఒప్పుకుంటా, కాకపోతే డ్యూటీ మారినప్పుడు ఇద్దరూ కలిసి కొలవాలి. ఒకరి చెయ్యి బిగువు, ఇంకొకరిది వదులు.

నియో పీజీ: ఒప్పుకున్నా. పచ్చ పసరు వచ్చినా, మలంలో నెత్తురు పడినా, పాప మందగించి ఊపిరి ఆగుతున్నా కొలతలతో పనిలేదు. ఫీడ్ ఆపి, ట్యూబు తెరిచి, వెంటనే డాక్టర్‌ను పిలవాలి.