1863లోనే విముక్తి అయితే జూన్ 19 పండగ ఎందుకు?

రాత్రిబండి:
లింకన్ 1863 జనవరి 1నే బానిసలకి విముక్తి ప్రకటించాడని చదువుకున్నాం కదా, మరి అమెరికాలో 1865 జూన్ 19ని పండగ చేసుకుంటారేంటి? ఇంకో డౌట్. విడుదలయ్యాక కూడా చాలామంది అవే పత్తి చేలల్లో ఉండిపోయారట. వెళ్లిపోవచ్చు కదా?

పాతసంచిక:
ఆ ప్రకటన అంతర్యుద్ధంలో తిరగబడ్డ దక్షిణాది రాష్ట్రాలకే. యూనియన్‌తోనే, అంటే లింకన్ ప్రభుత్వం వైపే, ఉన్న కెంటకీ, డెలావేర్‌లని ముట్టుకోలేదు, అక్కడ 1865 డిసెంబర్‌లో బానిసత్వాన్ని రద్దు చేసిన రాజ్యాంగ 13వ సవరణ వచ్చేదాకా బానిసత్వం నడిచింది. తిరగబడ్డ చోటేమో, సైన్యం వెళ్లి నెత్తిన కూర్చుంటే తప్ప లింకన్ మాట వినేదెవరు? టెక్సాస్ ఓ మూలన ఉంది, సైన్యం వెళ్లేసరికి యుద్ధమే దాదాపు అయిపోయింది. జూన్ 19న అక్కడి గాల్వెస్టన్ ఊళ్లో యూనియన్ సైన్యపు జనరల్ గ్రాంజర్ బానిసలంతా ఇక స్వేచ్ఛాపరులేనని ఆర్డర్ ఇస్తే టెక్సాస్‌లోని సుమారు రెండున్నర లక్షల మందికి అది వర్తించింది. ఆ ఆర్డర్ చివర ఏముందో తెలుసా? ఉన్నచోటే ఉండి కూలికి పని చేసుకోండి, సైనిక శిబిరాల దగ్గర పోగవనివ్వం, ఊరికే కూర్చోబెట్టి తిండి పెట్టం అని. స్వేచ్ఛ ఇచ్చిన కాగితంలోనే!

మట్టివాసన:
“వెళ్లిపోవచ్చు కదా” అనేశారు గానీ, వెళ్లారండీ. చాలామంది చేసిన మొదటి పని సొంతవాళ్లని వెతుక్కోవడం. తల్లి పేరు, ఆమెని కొనుక్కుపోయిన వాడి పేరు, ఆఖరిసారి చూసిన ఊరు రాసి పేపర్లలో ప్రకటనలు వేయించేవాళ్లు, దశాబ్దాల పాటు.
ఇక బతకడానికి భూమేది? 1865 జనవరిలో యూనియన్ జనరల్ షెర్మన్ సౌత్ కరోలినా, జార్జియా తీరంలో కుటుంబానికి 40 ఎకరాల దాకా ఇమ్మన్నాడు, వేలమంది దున్నుకోవడం కూడా మొదలెట్టారు. లింకన్ చనిపోయాక అధ్యక్షుడైన ఆండ్రూ జాన్సన్ ఆ ఏడాదే చాలామటుకు పాత యజమానులకి తిప్పి ఇప్పించేశాడు. మిగిలింది దొర పొలాన్ని పంటలో వాటాకి, పాలుకి చేయడం. విత్తనం, మొక్కజొన్న పిండి, చెప్పులు అన్నీ అరువే, పద్దు రాసేది దొర, పత్తి తూచేది దొర, చదువు రాకుండా ఉంచిన మనిషి ఆ లెక్కని ఎట్లా ప్రశ్నిస్తాడు? ఏడాది చివర ఇంకా బాకీయే.

పాతసంచిక:
దానికి తోడు చట్టాలు. మిసిసిపీలో ఏటా జనవరికల్లా పని ఉన్నట్టు కాగితం చూపించాలి, లేకపోతే దేశదిమ్మరి కింద జరిమానా, కట్టలేకపోతే ఆ డబ్బు కట్టినవాడికి చాకిరీ. 13వ సవరణలోనే నేరానికి శిక్షగా తప్ప అని ఓ సందు ఉంది. ఆ సందులోంచే ఖైదీలని గనులకి, తోటలకి అద్దెకిచ్చారు. అలబామాలో ఇది 1928 దాకా సాగింది.

ఒకమాట:
మరీ ఏమీ మారలేదన్నట్టు రాస్తున్నారు, ఒప్పుకోను. పెళ్లికి చట్టబద్ధత వచ్చింది, బడులు వచ్చాయి, ఓటేశారు, 1870లో నల్లజాతివాడైన హైరమ్ రెవెల్స్ మిసిసిపీ నుంచే సెనేట్‌లో కూర్చున్నాడు. 1877లో దక్షిణాదిలో కాపలా ఉన్న కేంద్ర సైన్యం పక్కకి తప్పుకున్నాకే కదా అదంతా లాగేసుకోవడం తేలికైంది.

రాత్రిబండి:
థాంక్స్ అందరికీ. పరిహారం ఎవరికైనా ఇచ్చారా అసలు?

మట్టివాసన:
ఇచ్చారు, వాషింగ్టన్ నగరంలో, 1862లో. మనిషికి 300 డాలర్ల దాకా. యజమానులకి.