28 అడుగుల ఫైబర్ తెప్పకి ఏ మోటారు మేలు?

గార తీరం:
మాది బందరువానిపేట వైపు. ఒడ్డుకి నాలుగైదు కిలోమీటర్లలోపే కవ్వలు, కానాగంతల చేపలకి వల వేయడానికి ముగ్గురం కలిసి పాత ఫైబర్ తెప్ప చూశాం. 9.9 హార్స్‌పవర్ పెట్రోల్ అవుట్‌బోర్డు (వెనక పలకకి బిగించే మోటారు) పెట్టమని కొందరు, 10 హార్స్‌పవర్ డీజిల్ లాంగ్ టెయిల్ (పొడవాటి షాఫ్టు చివర నీటిని తోసే ఫ్యాను ఉండే ఇంజను) మేలని కొందరు అంటున్నారు. జెట్టీ లేదు, ఇసుక మీదికే లాగాలి. ఏది తీసుకోమంటారు?

ఉప్పుగాలి:
మోటారు సంగతి తర్వాత, ముందు తెప్ప వెనక పలక చూడండి. మోటారు బిగించే చోట ఫైబర్ లోపల చెక్క ఉంటుంది. పాత బోల్టు రంధ్రాల్లోంచి నీరు దిగి అది కుళ్లిపోతుంది, పైకి మాత్రం రంగు మెరుస్తూనే ఉంటుంది. చిన్న సుత్తితో వరసగా కొట్టుకుంటూ పోండి. గట్టిగా మోగాల్సింది ఒకచోట మొద్దుగా పలికిందంటే లోపల చెక్క పోయినట్టే. పాత మోటారు ఇంకా ఉంటే దాని కాలు (నీళ్లలోకి దిగే భాగం) పట్టుకుని పైకీ కిందకీ ఊపండి, పలక కదిలితే బేరం ఆపేయండి.

తర్వాత అడుగు భాగం. ఇసుక రాపిడికి ఫైబర్ పోగులు బయటపడితే గాజునార మ్యాట్, దాన్ని అంటించే రెసిన్ జిగురు వేయించాలి. తడి మీద రెసిన్ అంటదు, బాగా ఆరాకే వేయించండి.

కళింగ అల:
మీ పనికి నా ఓటు అవుట్‌బోర్డుకే. కెరటం విరిగే చోట తెప్ప అడ్డం తిరగకుండా ముక్కు నిలబెట్టాలంటే చప్పున తిరిగే మోటారు కావాలి. రాత్రికి ఇద్దరు ఎత్తి ఇంటికి తెచ్చుకోవచ్చు కూడా.

కొనేముందు వెనక పలక ఎత్తు కొలవండి. 15 అంగుళాలైతే షార్ట్ షాఫ్ట్ (పొట్టి కాలు) మోటారు, 20 అయితే లాంగ్ షాఫ్ట్ (పొడుగు కాలు). ఫ్యాను పైనున్న అడ్డరేకు తెప్ప అడుగుకి సమంగానో, అంగుళం కిందకో ఉండాలి. పైకుంటే ఫ్యాను గాలి పీల్చి మోటారు ఊరికే అరుస్తుంది, తెప్ప కదలదు.

మన తీరంలో ఈ మోటార్లని పాడుచేసేది ఇసుక. మోకాలి లోతులో స్టార్ట్ చేస్తే నీటితోపాటు ఇసుక లాగి మోటారుని చల్లబరిచే నీళ్ల పంపులో రబ్బరు చక్రాన్ని (ఇంపెల్లర్ని) తినేస్తుంది. నడుం లోతు దాటాకే తాడు లాగండి. మోటారు వెనక నుంచి సన్నటి నీటిధార రావడం ఆగితే వెంటనే ఆపేయండి. వచ్చాక డ్రమ్ములో మంచినీళ్లు పోసి, మోటారు కాలు అందులో ముంచి పది నిమిషాలు నడపండి. టూ స్ట్రోక్ (పెట్రోల్లోనే ఆయిల్ కలిపే రకం) అయితే 10 లీటర్ల పెట్రోలుకి 200 మిల్లీలీటర్ల మెరైన్ ఆయిల్ మామూలు లెక్క. కొత్తది అయితే తొలి గంటల్లో ఇంకా ఎక్కువ పోయాలి, మోటారుతో ఇచ్చే పుస్తకంలో చూడండి. స్కూటర్ ఆయిల్ వద్దు.

తెడ్డు:
పైన చెప్పింది నిజమే గానీ, రోజూ వేటకెళ్తే పెట్రోల్ ఖర్చు తట్టుకోగలరా? నిండు లోడు మీద ఆ అవుట్‌బోర్డు గంటకి నాలుగు లీటర్ల దాకా తాగుతుంది, డీజిల్ రెండుతో సరిపెడుతుంది. గాలితో చల్లబడే రకం తీసుకుంటే ఇంపెల్లర్ బాధే లేదు, లోతు తక్కువైతే షాఫ్టు పైకెత్తేయొచ్చు. బరువు, అదురు మాత్రం ఎక్కువ. ఇంజను కింద అడ్డదిమ్మలు రెండు వేయకుండా నేరుగా ఫైబర్‌కే బిగిస్తే బోల్టుల చుట్టూ చీలిపోతుంది. ఒడ్డుకొచ్చేటప్పుడు షాఫ్టు దగ్గర నీళ్లలో ఎవరూ నిలబడకూడదు.

కళింగ అల:
రోజూ వెళ్లేవాళ్లకి డీజిలే, ఒప్పుకుంటాను. వారానికి రెండు మూడు సార్లయితే మాత్రం నా మాట అదే.

ఉప్పుగాలి:
ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మోటారు తెప్పలకీ వర్తిస్తుంది. అప్పుడు తెప్పలన్నీ ఒడ్డునే ఉంటాయి కాబట్టి అడుగు చూసుకోవడానికి మంచి అదను. రిజిస్ట్రేషన్ కాగితం, ఇంజను నంబరు సరిచూసి, పేరు మార్పు గురించి సచివాలయంలో మత్స్య సహాయకుణ్ణి ముందే అడగండి. రిజిస్ట్రేషన్ లేకుంటే డీజిల్ రాయితీ అందదు. ఏ మోటారు పెట్టినా రెండు తెడ్లు, లంగరు, ముగ్గురికీ లైఫ్ జాకెట్లు తెప్పలోనే ఉండాలి. పెట్రోల్ మోటారైతే అదనపు ప్లగ్గు, ఫ్యానుకి షియర్ పిన్ను (ఫ్యాను దేనికైనా తగిలితే తానే విరిగి మోటారుని కాపాడే పిన్ను) ఉంటే అది కూడా.