గ్రహణం లెక్క కుదిరింది కదా, రాహువు కూడా నిజమేనా?

లలిత_నెల్లూరు: పంచాంగంలో వేసిన టైముకే గ్రహణం పడుతోంది, విడుస్తోంది. లెక్క నిజమైతే రాహువు, స్నానం, గుడి మూయడం కూడా నిజమేనా? సైన్సు చదివినవాళ్ళు దేవుణ్ణి నమ్మొచ్చా?

గణకుడు: రాహుకేతువులు పాములు కావమ్మా, బిందువులు. చంద్రుడి దారి క్రాంతివృత్తానికి, అంటే ఆకాశంలో సూర్యుడు నడిచినట్టు కనిపించే దారికి, 5 డిగ్రీలు వాలి ఉంటుంది. ఆ రెండూ కోసుకునే చోట్లే ఇవి. వెనక్కి జరుగుతూ 18.6 ఏళ్ళకి ఒక చుట్టు తిరుగుతాయి. అమావాస్య వీటి దగ్గర పడితేనే సూర్యగ్రహణం. నీడ వల్లే గ్రహణమని ఆర్యభటుడు ఎప్పుడో చెప్పాడు. సిద్ధాంతి పట్టువిడుపులు కట్టేదీ నీడ కొలతతోనే.

శివప్రియ: మరి రోకలి సంగతేంటి? గ్రహణం పట్టగానే ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి నిలబెడితే నిలుస్తుంది, విడవగానే పడిపోతుంది. ఊళ్ళకి ఊళ్ళు చూశాయి.

కొలబద్ద: ఏ రోజైనా నిలుస్తుంది. నాలుగడుగుల రోకలి, కింద పొన్ను (రోకలి చివరి ఇనప కట్టు) వెడల్పు 5 సెంటీమీటర్లు అనుకోండి. 2 డిగ్రీలకి పైన వాలితే తప్ప పడదు. పొన్ను అడుగు చదునుగా, నేల మట్టంగా ఉండాలి. పైన రెండు వేళ్ళు ఆనించి, ఏ వైపూ తూగట్లేదనిపించాక మెల్లగా వదలండి. పళ్ళెం అడుగు ఉబ్బి ఉంటే ఊగి పడుతుంది, అప్పుడు గచ్చు మీదే పెట్టండి. నీళ్ళకి ఇందులో పనే లేదు.

శివప్రియ: అంటే అంతమంది అబద్ధమాడారా? పెద్దవాళ్ళని కించపరచకండి.

కొలబద్ద: నిలబడిందన్నది నిజమేనండీ. గ్రహణం వల్ల అన్నదే తప్పు. మామూలు రోజుల్లో ఎవరూ నిలబెట్టి చూడరు. వచ్చే ఏకాదశికి అదే రోకలి, అదే చోట పెట్టి చూడండి.

దృక్_పక్షం: రోకలి వదిలేయండి. "గ్రహణం కుదిరింది కాబట్టి పంచాంగమంతా కరెక్టే" అంటారే, అసలు తప్పు అక్కడుంది. పాత సూత్రాలతో కట్టే పూర్వపద్ధతి, ఆకాశంలో కనిపించేదానికి సరిపెట్టే దృక్ పద్ధతి, రెండింట్లోనూ ఇరవై ఏళ్ళ తిథులు వేసి చూసినవాణ్ణి, చెప్తున్నా. పూర్వపద్ధతిలో చంద్రుడి స్థానానికి ఒక్క సంస్కారమే (సవరణే), గరిష్ఠంగా సుమారు 5 డిగ్రీలు. అమావాస్యకీ పున్నమికీ అది దాదాపు చాలు, గ్రహణాలు పడేది అప్పుడే కాబట్టి అవి కుదురుతాయి. అష్టమి దగ్గర ఏడున్నర దాకా కావాలి. ఆ రెండున్నర డిగ్రీల లోటుతో తిథి ఐదు గంటల దాకా జరిగిపోతుంది.

సంప్రదాయి: బాణవృద్ధి రసక్షయం, అంటే తిథి 60 ఘడియల మీద 5 పెరగొచ్చు, 6 తగ్గొచ్చు అన్నది, ఋషులు పెట్టిన హద్దు. తిథి 65 ఘడియలు దాటదు, 54కి తగ్గదు. ఏకాదశి ఉపవాసానికి టెలిస్కోపు అనుమతి అక్కర్లేదు!

దృక్_పక్షం: 54 ఘడియలంటే 21 గంటల 36 నిమిషాలు. ఆకాశంలో తిథి 20 గంటలకీ తగ్గుతుంది. చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు జరిగితే ఒక తిథి అన్నది మీ శాస్త్రమే. జరిగాడో లేదో చూడొద్దంటే ఎలా? జ్యోతిర్గణితవేత్త మంజులుడు 932లోనే రెండో సంస్కారం చేర్చాడు. ఒడిశాలో ఖగోళ పండితుడు సామంత చంద్రశేఖరుడు వెదురుతో, కర్రతో పరికరాలు చేసుకుని, కంటితో చూసి లెక్క సవరించాడు. ఆయన నాస్తికుడు కాదు, జగన్నాథుడి భక్తుడు. స్వామి సేవ తప్పు తిథిలో జరగకూడదనే ఆ శ్రమంతా.

లలిత_నెల్లూరు: గుడి మూయడం గురించి ఎవరూ చెప్పలేదు.

గణకుడు: తిరుమలలో మూస్తారు. శ్రీకాళహస్తిలో మూయరు, గ్రహణవేళ అభిషేకాలు చేస్తారు. గ్రహణం ఒకటే, ఆచారాలు రెండు. లెక్కలోంచి వచ్చినవైతే రెండు చోట్లా ఒకటే ఉండాలి కదా.

సంప్రదాయి: ఆచారాన్ని లెక్కలోంచి తీశామని ఎవరన్నారు? భక్తి వేరు, గణితం వేరు.

దృక్_పక్షం: అయితే తిథి విషయంలో గణితం మాట వినండి.

శివప్రియ: కొలబద్దగారూ, పొన్ను ఒకవైపు అరిగితే ఏం చేయాలి?

కొలబద్ద: మట్టమైన గచ్చు మీద గరుకు కాగితం పరిచి, రోకలిని నిటారుగా పట్టుకుని రుద్దండి. అడుగంతా ఒకేలా మెరిసేదాకా రుద్దాక నిలబెట్టండి.