సమస్యాపూరణం: పచ్చ నెత్తురు చిందిన వాఁడు నరుఁడె

నిర్వాహకుడు: ఈసారి సమస్య అమెరికన్ టీవీ ధారావాహిక 'ఎక్స్ ఫైల్స్' మొదటి సీజన్ చివరి భాగం 'ది ఎర్లెన్‌మేయర్ ఫ్లాస్క్' (1994) మీద. చావుకు దగ్గరపడ్డ రోగులకు గ్రహాంతర జన్యువులు ఎక్కిస్తారు. వాళ్లలో ఒకడైన డాక్టర్ సెకేర్ పోలీసులకు చిక్కకుండా నీళ్లలో దూకుతాడు. అతని నెత్తురు పచ్చన. తేటగీతి, ప–వా యతి. చివరి 'ఎ' ప్రశ్నో, నొక్కి చెప్పడమో మీ ఇష్టం.

తోకచుక్క:
వ్యాధి ముదిరిన దేహికి వైద్యుఁడొకఁడు
అన్యలోకపు జన్యువు లంటుకట్ట
నీట నూపిరి పీల్చుచు నిలిచినాఁడు
పచ్చ నెత్తురు చిందిన వాఁడు నరుఁడె!

నిర్వాహకుడు: 'అంటుకట్ట' భలే పడింది. కానీ 'ఒకఁడు / అన్య' విసంధి. పాదం మారినా ఉత్వసంధి తప్పదు. 'వైద్యశాల / నన్యలోకపు' అంటే సరి, యతీ చెడదు. ఇంకా నరుడే ఎందుకన్నది మాత్రం పద్యంలో తేలలేదు.

గరుగంటి:
నాలుగక్షరముల తోడ నడచు సృష్టి
నైదు నాఱును గూడఁగా నతఁడు మాఱె
మానవుండని పిలువంగ మనసు రాదు
పచ్చ నెత్తురు చిందిన వాఁడు నరుఁడె?

నిర్వాహకుడు: కథ బాగా చూశారు. 'ప్యూరిటీ కంట్రోల్' ఫ్లాస్కులోని బాక్టీరియా డీఎన్ఏలో మామూలు నాలుగక్షరాలు ఎ, టి, జి, సి కాక మరో రెండు అక్షరాలు దొరకడమే అందులో కీలకం. 2014లో స్క్రిప్స్ పరిశోధన సంస్థవాళ్లు ఇ. కొలి బాక్టీరియాలో నిజంగానే అలాంటి జంట పెట్టారు, అదీ ప్లాస్మిడ్‌లో (కణంలో విడిగా ఉండే చిన్న డీఎన్ఏ వలయంలో) ఒక్కచోట. ఆ అక్షరాలను కణం తయారుచేసుకోలేదు. బయట ద్రావణంలో పోస్తే, డయాటమ్ అనే సూక్ష్మ నాచు నుంచి తెచ్చిన రవాణా ప్రొటీన్ లోపలికి లాగాలి. పోయడం ఆపితే విభజనలు జరిగేకొద్దీ జంట జారిపోతుంది. మీ మూడో పాదం మాత్రం ప్రశ్నకు ముందే జవాబు చెప్పేసింది.

కొత్తకలం: 'విషవాయువు దేహమునుండి వెలువడంగ' అని మొదలుపెట్టా. కుదరడం లేదు.

నిర్వాహకుడు: 'విషవా' స గణం, మొదట సూర్యగణం పడాలి. అంబులెన్స్‌లో సెకేర్ ఛాతికి సూది గుచ్చగానే వాయువు తన్నుకొచ్చిన ఘట్టమేగా? 'విషపు గాలులు సూదితో వెలువడంగ' అనండి. మిగతా రెండు పాదాలూ మీవే.

ఎర్రకణం: గ్రహాంతరవాసులు లేకుండా నాదొకటి.
మెదడు నొవ్వఁగ మాత్రలు మెండు మింగ
గంధకము చేరి రక్తాన కలియఁగాను
శస్త్రవైద్యుఁడు చూచి యాశ్చర్యపడియె
పచ్చ నెత్తురు చిందిన వాఁడు నరుఁడె!

నిర్వాహకుడు: ఇదీ పూరణ! 2007లో లాన్సెట్ వైద్యపత్రికలో వచ్చిన వాంకూవర్ రోగి కదూ. మైగ్రేన్ తలనొప్పి మందు సుమాట్రిప్టాన్ ఎక్కువై, హీమోగ్లోబిన్‌లో గంధకం చేరి, ముదురు పచ్చ నెత్తురు. మందు మానితే, పాత ఎర్రకణాలు పోయి కొత్తవి వచ్చేకొద్దీ రంగు తిరిగొస్తుంది. ఆ ఎపిసోడ్ చిత్రీకరణ కూడా వాంకూవర్‌లోనే! ఒక్క సవరణ: మెదడుకు నొప్పి తెలియదు, నొచ్చేది తల. 'తలయె నొవ్వఁగ మాత్రలు దండి మింగ' అంటే త–దం యతి కూడా కుదురుతుంది.