లివర్ కేన్సర్ ఆపరేషన్ తర్వాత వైరల్ లోడ్ కనబడట్లేదు, ఎంటెకావిర్ ఆపొచ్చా?

గట్టుమీదిచెట్టు:
పేషెంట్‌కు 56 ఏళ్లు, హెపటైటిస్ బి. లివర్ కుడివైపున్న 4.5 సెం.మీ. గడ్డ తీసేసి 14 నెలలైంది. బయాప్సీలో అంచులు క్లియర్, కానీ మైక్రోవాస్క్యులర్ ఇన్వేజన్ (గడ్డ కణాలు సన్న రక్తనాళాల్లోకి చొరబడటం) ఉందని రాశారు. మిగిలిన లివర్‌లో సిరోసిస్ (మచ్చలుపడి గట్టిబడటం). రోజూ ఎంటెకావిర్ (హెపటైటిస్ బి వైరస్‌ను అణిచే మాత్ర) 0.5 మి.గ్రా. ఈ నెల హెచ్‌బీవీ డీఎన్ఏ (రక్తంలో వైరస్ లెక్క, అదే వైరల్ లోడ్) 'నాట్ డిటెక్టెడ్', ఏఎఫ్‌పీ (లివర్ కేన్సర్‌లో పెరగగల రక్తపరీక్ష) 4. వైరస్ పోయింది కదా, మాత్ర ఆపొచ్చా అని ఇంట్లోవాళ్ల ప్రశ్న. సీటీ బదులు ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ చాలదా అని ఇంకోటి.

కణకేంద్రకం:
ఆపొద్దు. రక్తంలో మెషీన్‌కు అందనంత తగ్గింది, అంతే. లివర్ కణాల కేంద్రకంలో వైరస్ డీఎన్ఏ ఉంగరంలా చుట్టుకుని అలాగే ఉంటుంది. ఎంటెకావిర్ దాని జోలికి పోదు, కొత్త వైరస్ తయారవకుండా మాత్రమే చూస్తుంది. మానేస్తే వారాల్లోనో నెలల్లోనో లోడ్ లేస్తుంది, వెనకే ఏఎల్‌టీ (లివర్ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్). సిరోసిస్ ఉండి, పైగా కొంత కోసేసిన లివర్ ఆ దెబ్బకు తట్టుకోలేదు. కామెర్లు, పొట్టలో నీరు, ప్రాణం మీదికి రావడం. సిరోసిస్ ఉన్నవారికి ఈ మాత్ర జీవితాంతం.

ఇక తిరగబెట్టడం. మొదటి రెండేళ్లలో వచ్చేది ఎక్కువగా పాత గడ్డ నుంచి రక్తనాళాల్లోకి జారిన కణాలది. మైక్రోవాస్క్యులర్ ఇన్వేజన్ భయం అదే, దాని మీద వైరస్ మందు ప్రభావం తక్కువ. రెండేళ్లు దాటాక వచ్చేది చాలావరకు కొత్త గడ్డ. వైరస్, వాపు, సిరోసిస్ కలిసి పుట్టించేది. మాత్ర ముఖ్యంగా పనికొచ్చేది అక్కడ. తైవాన్ బీమా రికార్డులతో 2012లో వచ్చిన అధ్యయనంలో, ఈ మందులు వాడినవారిలో ఆరేళ్లకు తిరగబెట్టింది 45.6 శాతం, వాడనివారిలో 54.6. తగ్గిస్తుంది, పూర్తిగా ఆపదు.

మందులచీటీ:
మాత్ర వేసుకునే టైమ్ చూడండి. ఎంటెకావిర్ ఖాళీ కడుపుతో వేసుకోవాలి: తిన్నాక రెండు గంటలు ఆగి, వేసుకున్నాక మళ్లీ రెండు గంటలు ఏమీ తినకుండా. టిఫిన్‌తో కలిపి వేసుకుంటే ఒంటికి పట్టేది తగ్గుతుంది. రాత్రి పడుకునేముందు తేలిక.

గతంలో లామివుడిన్ (హెపటైటిస్ బికి పాత మందు) వాడారేమో పాత చీటీలు తిరగేయండి. వాడి ఉంటే ఎంటెకావిర్‌కు వైరస్ లొంగకపోయే అవకాశం పెరుగుతుంది, అలాంటివారికి టెనోఫోవిర్ అనే ఇంకో మందు మేలు. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపే రక్తపరీక్ష) పెరిగితే ఎంటెకావిర్ మోతాదు మార్చాలి, సొంతంగా మాత్ర విరిచి కాదు, డాక్టర్ లెక్కగట్టి. ఖర్చుకు భయపడి మానేసేవాళ్లే ఎక్కువ. 2018 జులైలో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ కార్యక్రమం కింద ప్రభుత్వ చికిత్స కేంద్రాల్లో ఈ మందులు ఉచితం. నేల ఉసిరి పసరు ఈ మాత్రకు బదులు కాదు.

మూడుఫేజులు:
ముందు ఒక సంగతి: ఆపరేషన్‌కు ముందు ఏఎఫ్‌పీ ఎంత?

గట్టుమీదిచెట్టు:
6.

మూడుఫేజులు:
అయితే ఇప్పటి 4కు విలువ లేదు. 4.5 సెం.మీ. గడ్డ ఉన్నప్పుడే పెరగనిది, 1 సెం.మీ. గడ్డ వస్తే పెరుగుతుందా? ఈ పేషెంట్‌కు స్కానే ఆధారం. గరుకుగా మారి, కోతతో ఆకారం మారిన లివర్‌లో అల్ట్రాసౌండ్‌కు చిన్న గడ్డ దొరకడం కష్టం. ట్రైఫేజిక్ సీటీ (కాంట్రాస్ట్ మందు నరంలోకి ఎక్కించి మూడు దశల్లో, అంటే ఫేజుల్లో తీసేది) లేదా కాంట్రాస్ట్ ఎంఆర్ఐ, మొదటి రెండేళ్లు 3-4 నెలలకోసారి, తర్వాత ఆరు నెలలకు. చీటీలో 'సీటీ అబ్డామెన్' అని మాత్రమే ఉంటే ఒక్క ఫేజ్‌తో సరిపెట్టే ప్రమాదం ఉంది. గడ్డ ఆర్టీరియల్ ఫేజ్‌లో (మందు ధమనుల్లో ఉన్న దశలో) మెరిసి, తర్వాతి ఫేజ్‌లో నల్లబడితేనే అనుమానం బలపడేది, అందుకే అన్ని ఫేజులూ కావాలి. కాంట్రాస్ట్‌కు ముందు క్రియాటినిన్ చూడాలి. పాత స్కాన్ సీడీ తీసుకెళ్లండి. రిపోర్టు కాగితంతో పోల్చి చూడలేరు. పివ్కా-2 (లివర్ కేన్సర్‌కు ఇంకో రక్తపరీక్ష) కూడా చేయిస్తే మంచిదే. గుండెకు ఎసిట్రోమ్, వార్ఫరిన్ అనే రక్తం పలచబరిచే మందులు వాడేవారిలో మాత్రం అది ఊరికే పెరుగుతుంది.

కణకేంద్రకం:
ఇంట్లో అందరికీ హెచ్‌బీఎస్‌ఏజీ (హెపటైటిస్ బి సోకిందో లేదో చెప్పే రక్తపరీక్ష) చూపించండి. వైరస్ సోకనివాళ్లకు, ఇదివరకు వేయించుకోకపోతే, టీకా 0, 1, 6 నెలలకు.

పల్లెసీమ:
ఇదే హెపటైటిస్ సి అయితే?

మందులచీటీ:
సి వేరే కథ. సోఫోస్‌బువిర్ 400, వెల్పటాస్‌విర్ 100 కలిపిన మాత్ర 12 వారాలు. ఆపిన 12 వారాలకు రక్తంలో వైరస్ ఆర్‌ఎన్‌ఏ కనబడకపోతే వైరస్ నిజంగానే పోయినట్టు. సిరోసిస్ మిగులుతుంది కాబట్టి స్కాన్లు మాత్రం ఆగవు. మొదలుపెట్టేముందు హెచ్‌బీఎస్‌ఏజీ తప్పనిసరి, సి తగ్గుతుంటే దాగి ఉన్న బి విజృంభించవచ్చు. అలవాటుగా పొద్దున్నే వేసుకునే పాంటాప్ (గ్యాస్ మాత్ర) కూడా డాక్టర్‌కు చెప్పండి, అది వెల్పటాస్‌విర్‌ను ఒంటికి పట్టనివ్వదు.