మాసిడోనియా అత్తవారింట్లో ఎండాకాలం మొత్తం ఉండాలా? రెండు వారాలు చాలవా?

బితోల_కోడలు:
మేం మ్యూనిక్‌లో ఉంటాం. మా ఆయనది ఉత్తర మాసిడోనియాలో బితోల. ఇక్కడ బళ్ళకు ఆగస్టు మొదట్లో సెలవులిస్తే సెప్టెంబరు సగం దాకా ఆరు వారాలు. పెళ్ళయి ఎనిమిదేళ్ళు, ఏటా ఆ ఆరు వారాలూ అక్కడే. ఆస్ట్రియా, స్లొవేనియా, క్రొయేషియా, సెర్బియా దాటుకుంటూ కారులో వెళ్తాం. ఆయన రెండు వారాలుండి ఉద్యోగానికి వచ్చేస్తారు. నేనూ పిల్లలూ ఉండిపోతాం.

అత్తగారు మంచిదే, ఒక్క మాట అనదు. కానీ పొద్దున్న కాఫీకి ఒక పిన్ని, సాయంత్రం ఒక మేనత్త. వాళ్ళు రాకపోతే మనమే ‘నా గోస్తి’ వెళ్ళాలి, అంటే చుట్టపుచూపుగా. ప్రతి ఇంట్లో చిన్న పళ్ళెంలో స్లాత్కో (పండ్ల మురబ్బా లాంటిది), పక్కన గ్లాసుడు నీళ్ళు. ఒక్క చెంచా తిన్నాక కాఫీ. రోజుకు మూడిళ్ళు.

ఇక కిటికీ సంగతి. బయట 35 డిగ్రీలున్నా ఎదురెదురు కిటికీలు తెరవనివ్వరు. గాలి అడ్డంగా కొడితే మెడ పట్టేస్తుందట, చెవిపోటు వస్తుందట. దానికి ‘ప్రొమాయా’ అని పేరు కూడా ఉంది. నేను తెరుస్తాను, ఆవిడ వచ్చి మూస్తుంది.

ఈసారి రెండు వారాలు చాలని అన్నాను. ‘అమ్మ ఏడాదంతా ఎదురు చూస్తుంది’ అన్నారాయన. నేను అన్నది తప్పా?

సూటిగా_సుబ్బు:
గాలి తగిలితే జబ్బు రాదండీ. జలుబు వైరస్ వల్ల వస్తుంది. ఈ ఒక్క విషయం డాక్టరు చేత చెప్పిస్తే సగం సమస్య పోతుంది. ఓ టేబుల్ ఫ్యాన్ కొనండి.

అరకు_కాఫీ:
ఫ్యాన్ గాలి కూడా ప్రొమాయానే అంటారేమో.

బితోల_కోడలు:
అన్నారు. ఫ్యాన్ ఉంది. దాన్ని గోడ వైపు తిప్పి పెడతారు.

కృష్ణలంక_పెద్దమ్మ:
అమ్మాయ్, నువ్వు బాలింతగా ఉన్నప్పుడు మీ అమ్మ చెవుల్లో దూది పెట్టలేదూ? తలకు గుడ్డ కట్టలేదూ? మన ఇళ్ళలో ‘ఈదురుగాలి కొడుతోంది, తలుపు వెయ్యి’ అనని ముసలమ్మ ఉందా? మీ అమ్మ చేస్తే ప్రేమ, ఆవిడ చేస్తే మూఢనమ్మకమా? మాట అనని అత్తగారు దొరికింది, రోజూ నలుగురు వచ్చి పలకరిస్తున్నారు. ఈ రోజుల్లో అది ఎంతమందికి ఉంది? ఆరు వారాలు కళ్ళు మూసుకుంటే గడిచిపోతాయి.

సూటిగా_సుబ్బు:
దూది పెట్టడం కూడా అనవసరమే. ఎవరు చేసినా అనవసరమే.

నిఘంటువు_నాగు:
చర్చకు సంబంధం లేదు గానీ ఒక మాట. మాసిడోనియన్‌లో కోడలిని ‘స్నా’ అంటారు, అత్తగారిని ‘స్వెక్ర్‌వా’. సంస్కృతంలో కోడలు స్నుష, అత్త శ్వశ్రువు. రెండూ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలే. అంటే ఈ గొడవ కొన్ని వేల ఏళ్ళ నాటిది.

అరకు_కాఫీ:
అప్పుడు కూడా కిటికీలున్నాయా?

స్కోప్యేలో_రెండేళ్ళు:
నేను పనిమీద మాసిడోనియా రాజధాని స్కోప్యేలో ఉన్నాను, అందుకే రాస్తున్నా. ఆగస్టు అంటే అక్కడ మామూలు నెల కాదండీ. ఊరొదిలి డబ్బు సంపాదనకు పోవడానికి వాళ్ళకు ‘పెచాల్బా’ అని ప్రత్యేకంగా ఓ మాటే ఉంది. తాతల కాలం నుంచీ మగవాళ్ళు పోయేవారు, ఇప్పుడు కుటుంబాలకు కుటుంబాలే జర్మనీ, స్విట్జర్లాండ్, ఆస్ట్రేలియా పోయాయి. వీధిలో సగం ఇళ్ళకు తాళాలుంటాయి. అవి తెరుచుకునేది ఎండాకాలంలోనే. పెళ్ళిళ్ళు కూడా అప్పుడే పెట్టుకుంటారు. మీ అత్తగారికి మిగతా పదిన్నర నెలలు ఏముందో ఒక్కసారి ఆలోచించండి.

తిండికి ఇబ్బంది అయితే ఆగస్టు 14 నుంచి 28న వచ్చే మరియమ్మ పండుగ దాకా ఉపవాసం పాటించే ఇళ్ళలో మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. చిక్కుడుగింజలు ఉడికించి, మట్టిమూకుడులో వేసి ఓవెన్‌లో కాల్చి పెడతారు, తావ్చె గ్రావ్చె అని. ఆ ఉపవాసాన్ని వాళ్ళు ‘పోస్ట్’ అంటారు. మన ‘పస్తు’ గుర్తొచ్చి నవ్వుకునేవాణ్ణి.

బితోల_కోడలు:
నేను శాకాహారినేనండీ, ఆ రెండు వారాలే నాకు హాయి. తిండి గురించి నేనేం అనలేదు. బితోల అంటే నాకు ఇష్టమే. సాయంత్రం షిరోక్ సొకాక్ వీధిలో ఊరంతా ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తుంది, పిల్లలు ఆ గంటకోసం చస్తారు. నేను అడిగింది ఆరు వారాల గురించి.

కృష్ణలంక_పెద్దమ్మ:
ఇష్టమైతే ఉండడానికేం? పిల్లలకు నానమ్మ భాష వచ్చేది ఆ ఆరు వారాల్లోనే కదా. మ్యూనిక్ వెళ్ళాక నెలరోజుల్లో మర్చిపోతారు. నువ్వు రెండు వారాలంటే ఆవిడ వంట చెయ్యడం మొదలుపెట్టేలోపే మీరు సూట్‌కేసు సర్దుకుంటారు. కన్నతల్లికి మనవలు చుట్టపుచూపుగా రావడం ఎంత నరకమో నీకు తెలియదు.

సూటిగా_సుబ్బు:
పెద్దమ్మగారూ, ఇది ఎమోషనల్ బ్లాక్‌మెయిల్. ఆవిడ అడిగింది వెంటిలేషన్ గురించి.

బితోల_కోడలు:
సుబ్బుగారూ, వెంటిలేషన్ గురించి కాదు!! ఆంటీగారూ, మీరు మా అత్తగారి తరఫు లాయరా?

కృష్ణలంక_పెద్దమ్మ:
అవును, లాయర్నే. ఫీజు కూడా అక్కర్లేదు. మా అబ్బాయి టొరంటోలో ఉంటాడు. కోడలు పోర్చుగల్ పిల్ల. ఎండాకాలం అంతా వాళ్ళమ్మ దగ్గర, సముద్రం ఒడ్డున. విజయవాడకు రెండేళ్ళకోసారి, పోయినసారి తొమ్మిది రోజులు. అందులో రెండ్రోజులు జెట్‌లాగ్, మూడ్రోజులు తిరుపతి. నా మనవరాలు నన్ను ‘హలో’ అంటుంది. దాని కోసం బెల్లం ఆవకాయ కారం తగ్గించి వేరే జాడీలో పెట్టాను. జాడీ ఇంకా అలాగే ఉంది. ఆవిడెవరో నాకు తెలియదు, కానీ మీ అత్తగారి బాధ నాకు తెలుసు.

స్కోప్యేలో_రెండేళ్ళు:
అయ్యో.

బితోల_కోడలు:
ఆంటీగారూ, కోపంలో అన్నాను, క్షమించండి. కానీ మీరు చెప్పిన లెక్క నేనూ చెప్తాను, వినండి.

నాకు ఏడాదికి 30 పనిరోజుల సెలవు. బితోలకు 20 పోతాయి, మిగతా రెండు వారాలు జీతం లేకుండా. మిగిలిన పది రోజులతో క్రిస్మస్ సెలవుల్లో తెనాలి. బడి జనవరి మొదటి వారంలో తెరుస్తారు కాబట్టి సంక్రాంతికి వారం ముందే విమానం ఎక్కాలి. నా పిల్లలు ఒక్క భోగిమంట చూడలేదు. మా అమ్మ ఏటా డిసెంబరులోనే అరిసెలు వండేస్తుంది, పండగ కాకుండానే.

పోయిన సెప్టెంబరు మొదట్లో నాన్నకు మోకాలి ఆపరేషన్. ఆ వారమే బితోలలో ఐవార్ (కాప్సికం లాంటి ఎర్ర మిరపకాయల నిల్వపచ్చడి). బస్తాలకొద్దీ ఎర్ర మిరపకాయలు తెచ్చి పెరట్లో పొయ్యిమీద నల్లగా కాలుస్తారు. మూతపెట్టి మగ్గనిచ్చి, ఒక్కోదాని తొక్క చేత్తో ఒలవాలి, గింజ ఒక్కటి కూడా ఉండకూడదు. తర్వాత పెద్ద పాత్రలో గంటలకొద్దీ కలియబెట్టాలి. నా చేతులు మోచేతుల దాకా ఎర్రగా, జిగటగా ఉన్నాయి. అమ్మ ఫోన్ చేస్తే మా ఆడపడుచు కూతురు స్పీకర్ నొక్కి నా చెవి దగ్గర పట్టుకుంది. ‘ఆపరేషన్ బాగా అయిందమ్మా, పక్కింటి కుర్రాడు ఆస్పత్రిలో తోడున్నాడు, నువ్వేం టెన్షన్ పడకు’ అంది అమ్మ. పక్కింటి కుర్రాడు! నేను సరే అని మళ్ళీ మిరపకాయ తీసుకున్నాను. అత్తగారి ఇంటికి ఆవిడ కూతురు వచ్చింది, ఆవిడ కోడలు వచ్చింది. మా అమ్మ ఇంట్లో ఎవరున్నారు?

కృష్ణలంక_పెద్దమ్మ:
ఇది మొదటే రాయొచ్చు కదే. కిటికీ గురించి రాశావు.

బితోల_కోడలు:
కిటికీ గురించి చెప్పడం తేలికండీ.

నిఘంటువు_నాగు:
మీ ఆయన్ని పిల్లలతో బితోలలో ఆరు వారాలు ఉండమనండి. మీరు రెండు వారాలుండి తెనాలి వెళ్ళండి. ‘అమ్మ ఎదురు చూస్తుంది’ అన్నది ఆయనే కదా?

కృష్ణలంక_పెద్దమ్మ:
నాగు చెప్పింది బాగానే ఉంది, కానీ మొగుడితో కాదు, నేరుగా ఆవిడతోనే మాట్లాడు. మీ నాన్న ఆపరేషన్ సంగతి ఆవిడకు చెప్పావా అసలు? మా కోడలు ఇలాంటిది ఏదైనా నాతో అని ఉంటే ‘పో తల్లీ, మీ అమ్మ దగ్గరికి పో’ అనేదాన్నేమో. అనేదాన్నో లేదో. ఇప్పుడైతే అంటున్నా.

బితోల_కోడలు (నాలుగు రోజుల తర్వాత):
నిన్న వీడియో కాల్‌లో నాకొచ్చిన మాసిడోనియన్‌లో చెప్పాను. సగం మాటలు మిరపకాయలకు పనికొచ్చేవే. ఆపరేషన్ సంగతి ఆవిడకు తెలియదట, మా ఆయన చెప్పలేదు. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అమ్మ వయసెంత అని అడిగింది. 67 అన్నాను. ‘నాకంటే పెద్దది’ అంది. అంతే, వెళ్ళమనలేదు, వద్దనలేదు. మా ఆయన మాత్రం తనను తప్పించి అడిగానని ముభావంగా ఉన్నారు. తెనాలి టికెట్లు ఇంకా బుక్ చెయ్యలేదు.

సూటిగా_సుబ్బు:
ఫ్యాన్ గోడ వైపు తిప్పితే ఒంటికి గాలి తగలదు, ఫ్యాన్‌తో ఉన్న ప్రయోజనమే ఆ గాలి తగలడం. ఈ పాయింట్ ఎవరూ పట్టించుకోలేదు.