మూడో వారానికే ఆగిపోయే నడకను నిలబెట్టుకోవడం ఎలా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
అందరికీ నమస్కారం. నా వయసు 46. రోజంతా కుర్చీలో కూర్చుని లెక్కలు చూసే ఉద్యోగం. గత నెల రక్తపరీక్షలో మూడు నెలల సగటు చక్కెర, అంటే హెచ్‌బీఏ1సీ, 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే మధుమేహానికి ముందు దశ అనీ, మందులు ఇప్పుడే అక్కరలేదు గానీ ఒళ్లు కదల్చక తప్పదనీ డాక్టరు గారు చెప్పారు. చిక్కంతా అక్కడే ఉంది. ప్రతి ఏటా సంక్రాంతి వెళ్లగానే, తెల్లవారుజామున ఐదింటికి లేచి గంటసేపు నడవాలని మొదలుపెడతాను. మూడో వారంలో జలుబో, ఏదో పెళ్లి ప్రయాణమో అడ్డు వస్తుంది, దానితో సరి. నిరుడు ఒక జిమ్‌కు ఏడాది రుసుము ముందే కట్టి, పదకొండు రోజులు వెళ్లాను. వేసవిలో కొన్న బూట్ల లేసులకు దుకాణంలో వేసిన ముడి ఇంకా విప్పలేదు. ఏళ్ల తరబడి అలవాటు నిలుపుకున్నవారు ఎవరైనా దారి చెప్పగలరా?

గంటస్తంభం నీడ (విజయనగరం):
బాబూ, నేను వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. మీలో పట్టుదల తక్కువని నేను అనుకోను. ఎత్తుకున్న బరువే పెద్దది. నిద్రవేళ మార్చడం, గంట నడవడం, ఊరు లేవకముందే వీధిలోకి వెళ్లడం, ఈ మూడూ ఒకేసారి మొదలుపెట్టారు. వాటి బదులు, మీరు ఎలాగూ మానని పని ఒకటి చూసుకుని దాని వెనకే మరొకటి తగిలించండి. రాత్రి భోజనం ఎవరూ మానరు కదా, కంచం తీసిన వెంటనే పది నిమిషాలు నడవండి. తిన్న అన్నం చక్కెరగా రక్తంలోకి చేరే వేళకు కాళ్ల కండరాలు పని చేస్తూ ఉంటే అందులో కొంత అవే వాడేసుకుంటాయి కాబట్టి, మీ అవసరానికి తెల్లవారుజాము నడక కన్నా ఇదే మేలు. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అయితే పది నిమిషాలకు తగ్గితే లెక్కలోకి రాదనే పాత షరతును 2020లో తీసేసింది.

వారానికి రెండు రోజులు కండరాలకు బరువు పని కూడా ఉండాలన్నది చాలామంది వదిలేసే మాట. మీ ఊరికి దగ్గర్లోని ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చినప్పటి నుంచీ బరువులంటే క్రీడాకారుల పనే అనుకుంటున్నాం. మనకు మన ఒంటి బరువు చాలు. నేను పొయ్యి మీద పాలు పెట్టి, అవి పొంగేలోగా చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చుంటాను. మొదట్లో నాలుగుసార్లకే మోకాళ్లు పట్టేసేవి. పాలు రెండుసార్లు పొంగిపోయి ఇంట్లో మాట పడ్డాను కూడా.

చోడి అంబలి (బొబ్బిలి):
మాస్టారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. ఇరవై ఒక్క రోజులు చేస్తే అలవాటైపోతుందన్న ప్రచారం నమ్మకండి. లండన్‌లో 96 మందితో చేసి 2009లో ప్రచురించిన పరిశీలనలో సగటున 66 రోజులు పట్టినట్టు తేలింది. కొందరికి 18 రోజులు చాలితే, కొందరికి 254 రోజుల దాకా పట్టవచ్చని లెక్కగట్టారు. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టం కలగలేదని కూడా అందులోనే ఉంది. అంటే మీరు మూడో వారంలో ఆగడం విడ్డూరం కాదు, ఒక రోజు తప్పగానే అంతా పోయిందనుకోవడమే పొరపాటు. నేను మాత్రం వరుసగా రెండు రోజులు తప్పకూడదని నియమం పెట్టుకున్నాను.

అన్నట్టు, నా పేరు చూసి అంబలి మొదలుపెడతారేమో! చోళ్లలో, అంటే రాగుల్లోనూ పిండిపదార్థమే ఎక్కువ. అన్నం తగ్గించకుండా పైన రెండు గ్లాసుల అంబలి తాగితే చక్కెర పెరుగుతుంది గానీ తగ్గదు.

కొబ్బరితోట (కవిటి):
మాది మూత్రపిండాల జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం కావడంతో భయం కొద్దీ చెబుతున్నాను. కొత్తగా నడిచేవారికి నాలుగో రోజున పిక్కలు పట్టేస్తాయి, వెంటనే మందుల దుకాణంలో నొప్పి మాత్ర అడుగుతారు. ఆ మాత్రలు మూత్రపిండాలకు చెరుపు చేయవచ్చు. డాక్టరును అడగకుండా వాటినిగానీ, జిమ్‌లో అంటగట్టే ప్రోటీన్ పొడులనుగానీ ముట్టుకోకండి. మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష కూడా ఒకసారి చేయించుకోండి. నొప్పి ఉన్నప్పుడు నడక ఐదు నిమిషాలకు తగ్గించండి, పూర్తిగా మానకండి.

నాగావళి గట్టు:
అందరికీ కృతజ్ఞతలు. తొమ్మిది రోజులుగా రాత్రి భోజనం కాగానే వంతెన దాకా వెళ్లి వస్తున్నాను, పన్నెండు నిమిషాలు పడుతోంది. నిన్న కాక మొన్న తప్పింది, నిన్న మళ్లీ వెళ్లాను. బూట్లు వెతుక్కోవడం కూడా ఒక సాకు అవుతుందని చెప్పులతోనే నడుస్తున్నాను. ఇప్పుడున్న ఇబ్బంది ఒక్కటే: మా వీధి మలుపులో నాలుగు కుక్కలు వెంటపడుతున్నాయి. ఏం చేయమంటారు?

గంటస్తంభం నీడ:
చేతిలో కర్ర ఉంచుకోండి, పరుగెత్తకండి. చెప్పులు మాత్రం వద్దు బాబూ. చక్కెర అంచున ఉన్నవారు పాదాలకు దెబ్బ తగలనీయకూడదు. ఈ రాత్రికి ఆ లేసుల ముడి విప్పండి.